మొదటి లైను పైన ఇంకో లైను

ఇరవై రెండేళ్ళుగా జగ్గయ్యపేట శివార్లలో ఒక డిగ్రీ కాలేజీలో సీ భాష చెబుతున్నాను. ఈ ఇరవై రెండేళ్ళలో సీ పెద్దగా మారలేదు. నేనూ మారలేదు. ఇద్దరిలో ఎవరు మారకపోవడం వల్ల ఎక్కువ నష్టం జరిగిందో ఈ మధ్యే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

క్లాసులో నాకు రెండు సిద్ధాంతాలు ఉండేవి. మొదటిది, ఏ ప్రోగ్రాంలోనైనా మొట్టమొదటి లైను ఇదే అయి ఉండాలి:

#include <stdio.h>

సీ లైబ్రరీని ప్రోగ్రాంలోకి పిలిచే ఇన్‌క్లూడ్ లైను ఇది, దాని పైన ఏదీ ఉండకూడదు. రెండోది, మనం రాసింది మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఎర్రర్ అంటే ఆగాలి, వార్నింగ్ అంటే పట్టించుకోకుండా ముందుకు పోవాలి. ఈ రెండూ చెప్పి, బోర్డు మీద రాసి, కింద గీత గీసి, ఆ తర్వాతే మిగతా సిలబస్‌లోకి వెళ్ళేవాణ్ణి. సిలబస్ మర్చిపోయినవాళ్ళున్నారు గానీ ఈ రెండూ మర్చిపోయిన విద్యార్థి ఇంతవరకు నాకు తగల్లేదు.

మొదటి సిద్ధాంతం నేను కనిపెట్టింది కాదు. నాకు సీ చెప్పిన మాస్టారు చెప్పారు. ఆయనకెవరు చెప్పారో నేను అడగలేదు. మావైపు ఏ కాగితం మొదలుపెట్టినా పైన చిన్నగా శ్రీ రాయడం అలవాటు, కిరాణా చీటీ అయినా సరే. మా కాలేజీ రికార్డు పుస్తకాల్లో శ్రీ రాసేవాళ్ళు శ్రీ రాస్తారు, శిలువ వేసేవాళ్ళు శిలువ వేస్తారు, 786 వేసేవాళ్ళు 786 వేస్తారు. ఆ కింద మాత్రం అందరిదీ ఒకటే ఇన్‌క్లూడ్ లైను. అన్ని మతాలకూ సమ్మతమైన లైను ఇదొక్కటేనని ఏటా క్లాసులో అనేవాణ్ణి. ఏటా ఎవరూ నవ్వేవారు కాదు. ఆ లైను పైన ఇంకేదైనా కనిపిస్తే, ఆఖరికి సొంత పేరు రాసుకున్నా, రెండు మార్కులు కోసేవాణ్ణి. నాకు కోపం ఎక్కువని కాలేజీలో పేరుంది. ఆ పేరు రావడానికి సగం కారణం ఈ లైనే.

నిరుడు సిలబస్ మారింది. ఆఖరి సెమిస్టర్లో సిస్టమ్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ అని ఒకటి పెట్టారు. అంతకుముందు మా ల్యాబులో నీలం తెర వచ్చే పాత కంపైలర్ ఉండేది. దాంట్లో ఏం రాసినా పనిచేసేది, చేయకపోతే మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే చేసేది. ఇప్పుడు లైనక్స్ వేసిన ఇరవై కొత్త మెషీన్లు వచ్చాయి. వాటి వెంట అచ్చువేసిన ల్యాబ్ మాన్యువల్ వచ్చింది. నేను మాన్యువల్ మొత్తం చదవలేదు. ప్రతి ప్రోగ్రాంలో మొదటి లైను మాత్రం చూశాను, ఎందుకంటే నేను ముందు చూసేది అదే.

తొమ్మిదో ప్రయోగం దగ్గర నా కన్ను ఆగింది. ఒక ఫైల్లో ప్రతి వరసలో ముందు ఒక తేదీ, ఆ పక్కన ఒక పేరు ఉంటాయి. తేదీ చదివి, అది ఏ వారమో చెప్పి, పక్కనున్న పేరు అచ్చువేయాలి. తేదీ చదవడానికి సీ లైబ్రరీలో ఒక ఫంక్షన్ ఉంది. అది తేదీ వరకు చదివి, ఎక్కడ ఆగిందో ఆ చోటి చిరునామా మనకు తిరిగిస్తుంది. అక్కణ్ణించి మనం పేరు చదువుకోవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ప్రోగ్రాం పైభాగాన, నా ఇన్‌క్లూడ్ లైనుకు పైన, ఇంకో లైను ఉంది:

#define _XOPEN_SOURCE 700

అచ్చు పుస్తకంలో, యూనివర్సిటీ పంపిన పుస్తకంలో, నా లైను నెత్తిన ఇంకెవరో ఎక్కి కూర్చున్నారు. ఎర్ర పెన్ను తీశాను. ఆ లైను కొట్టేసి, బాణం గుర్తు వేసి, ఇన్‌క్లూడ్ కిందికి దించాను. పక్కన 'ప్రింటింగ్ మిస్టేక్' అని రాసి, పొట్టి సంతకం, తేదీ కూడా వేశాను. తర్వాత క్లాసుకు వెళ్ళి అందరి పుస్తకాల్లోనూ అలాగే దిద్దించాను. సంతకం ఒక్కటి వాళ్ళ చేత పెట్టించలేదు.

రెండో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చేది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ రోజు చెయ్యెత్తింది.

"సార్, మాన్యువల్లో పైన ఉంది కదండి. ఒకసారి పైన పెట్టి చూడమంటారా?"

"అచ్చులో వచ్చిందల్లా వేదమామ్మా?" అన్నాను.

"కాదండి," అని కూర్చుంది.

ఆ వారం ల్యాబులో ఇరవై మందీ ఇరవై మెషీన్ల ముందు కూర్చుని, నేను దిద్దించినట్టే రాశారు. కంపైలర్ అందరికీ ఒకే వార్నింగ్ ఇచ్చింది, ఫలానా ఫంక్షన్ ఎవరో నాకు తెలియదు అని. "సార్, వార్నింగ్ వస్తోందండి," అన్నారు. "రానీ," అన్నాను. ప్రోగ్రాం నడిపితే ఇరవై తెరల మీదా సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని వచ్చింది. అంటే ప్రోగ్రాం తనది కాని చోట వేలుపెట్టి చచ్చిపోయిందని అర్థం. ఇరవై ప్రోగ్రాములు ఒకేసారి చచ్చిపోతే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. కొత్త మెషీన్లు కదా, సర్దుకుంటాయి అన్నాను.

పై వారం అవే ప్రోగ్రాములు, అక్షరం మార్చకుండా, ఇరవై మెషీన్లలోనూ నడిచాయి. వార్నింగ్ కూడా లేదు. "చూశారా?" అన్నాను. చూశామండి అన్నారు. వాళ్ళు తలలు ఎందుకు వంచుకున్నారో నేను ఆలోచించలేదు. మెషీన్లు సర్దుకున్నాయని మనస్ఫూర్తిగా నమ్మాను. నా స్కూటరు కూడా కొన్న కొత్తలో అంతే.

ఫిబ్రవరిలో ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే ఉద్యోగం తాలూకు కాగితం వచ్చింది. ఆఖరి సెమిస్టర్లో అన్ని సబ్జెక్టులూ, ల్యాబులతో సహా, మొదటిసారే పాసైతే జూన్‌లో చేరవచ్చని దాని సారాంశం. ఒక్కటి పోయినా కాగితం చెల్లదు. మా కాలేజీ నుంచి ఆ కంపెనీకి ఎంపికైంది ఆమె ఒక్కతే. యాజమాన్యం వెంటనే ఆమె ఫొటోతో గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ ఫ్లెక్సీ వచ్చేసింది.

ఏప్రిల్లో ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. బయటి పరీక్షకుడిగా నందిగామలో ఉండే ఒక అధ్యాపకుడు వచ్చారు. నాకంటే చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఔట్‌పుట్ రాకపోతే పాస్ మార్కులు వేయడని ముందే విన్నాను. ముందురోజు సాయంత్రం మా ఏడో మెషీన్ పాడైతే, మెకానిక్ వచ్చి దాని బదులు ఇంకోటి పెట్టి పోయాడు. చీటీలు తీయించాం. ఆ అమ్మాయికి తొమ్మిదో ప్రయోగం వచ్చింది, ఏడో మెషీన్ వచ్చింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, చీటీలు నేనే మడిచాను.

పదిన్నర ప్రాంతంలో పరీక్షకుడు, నేను వరసగా చూసుకుంటూ ఏడో మెషీన్ దగ్గరికి వచ్చాం. తెర మీద ఆమె ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. ఔట్‌పుట్ కూడా వచ్చి ఉంది. తేదీలు, వారాలు, పేర్లు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కానీ నా కన్ను ఔట్‌పుట్ మీదికి పోలేదు, మొదటి లైను మీదికి పోయింది. అక్కడ ఆ డిఫైన్ లైను, మాన్యువల్లో ఉన్నట్టే, నా లైను నెత్తిన ఉంది. ఏడాదంతా చెప్పింది పరాయి కాలేజీ ఆయన ముందు నా విద్యార్థినే మర్చిపోయిందని నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంటమ్మా ఇది? మొదటి లైను ఏం రాయాలి?"

ఆమె నా వంక చూసింది, తర్వాత ఆయన వంక చూసింది. "ఇలా ఉంచుతానండి సార్," అంది, వినపడీ వినపడకుండా.

"కిందికి దించు. దించి మళ్ళీ రన్ చెయ్యి."

దించింది. కంపైల్ చేసింది. వార్నింగ్ వచ్చింది. పరీక్షకుడు ముందుకు వంగాడు. "వార్నింగేనండి, పర్లేదు," అని నేనే ఆయనకు భరోసా ఇచ్చాను. ఆమె ఎంటర్ నొక్కింది. సెగ్మెంటేషన్ ఫాల్ట్.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాడాయన.

"తెలీదండి," అంది.

"ఇందాక వచ్చింది కదా?"

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఇంకో పది నిమిషాలు టైమిచ్చి ఆయన ముందుకు వెళ్ళాడు. నేనూ ఆయన వెంట వెళ్ళాను. పది నిమిషాల తర్వాత తిరిగి వస్తే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లైను నేను దించమన్న చోటే ఉంది, ఫాల్ట్ వచ్చిన చోటే ఉంది. ఆయన నిట్టూర్చి కాగితం మీద అంకె వేశాడు. యాభైకి పదిహేడు. పాస్ మార్కు ఇరవై.

మా కాలేజీలో ఆ రోజు నెట్ లేదు. అందుకని ఇంటికి వెళ్ళి ఐదింటికల్లా మార్కులు అప్‌లోడ్ చేస్తానని ఆయన నందిగామ వెళ్ళిపోయాడు. ఒకసారి అప్‌లోడ్ చేసి సబ్మిట్ నొక్కితే ఇక ఎవరూ మార్చలేరు. ఆ అమ్మాయి ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. నేను క్యారేజీ విప్పి, తినకుండానే మళ్ళీ మూత పెట్టేశాను. ఫ్లెక్సీలో ఉన్న పిల్ల ఫెయిలైందంటే యాజమాన్యం ముందు ఆ మెషీన్ పెట్టినవాణ్ణి అడుగుతుంది, తర్వాత నన్ను అడుగుతుంది. ఆ మెకానిక్‌ని ముందుగా నేనే అడుగుదామని, మెషీన్‌లో లోపం ఏమిటో పట్టుకుందామని ల్యాబుకు వెళ్ళాను. పిల్ల మీద జాలితో వెళ్ళానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది నిజం కాదు.

ఏడో మెషీన్ ముందు కూర్చున్నాను. ఆమె ప్రోగ్రాం అలాగే ఉంది. నడిపితే చచ్చిపోయింది. లైను పైకి పెట్టి నడిపితే నడిచింది. కిందికి దించితే చచ్చిపోయింది. పైకి పెట్టాను, నడిచింది. ఇలా పదకొండుసార్లు చేశాను. మెషీన్ పాడైతే ఇంత క్రమశిక్షణగా పాడవదు.

పక్కనే ఆరో మెషీన్‌లో అదే ప్రోగ్రాం, లైను కింద పెట్టి నడిపాను. నడిచింది. ప్రాణం లేచొచ్చింది. చూశావా, నా పద్ధతే కరెక్టు, తప్పు ఏడో మెషీన్‌దే అనుకున్నాను. ఆ సంతోషం నాలుగు నిమిషాలు ఉంది. ఆ తర్వాత, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఆ లైను గురించి లైబ్రరీ తయారుచేసినవాళ్ళే రాసిపెట్టిన సహాయం పేజీ తెరిచి చదివాను. అది ఆ మెషీన్‌లోనే ఉంది. మొదటినుంచీ ఉంది.

అక్కడ ఉన్నది నాకు అర్థమైనంతలో ఇదీ. సీ లైబ్రరీలో రకరకాల ప్రమాణాల ఫంక్షన్లు కలిసి ఉంటాయి. ఏ ప్రోగ్రాంకి ఏ ప్రమాణం కావాలో దాన్నిబట్టి కొన్ని బయట పెడుతుంది, కొన్ని దాచిపెడుతుంది. ఆ డిఫైన్ లైను రాయడమంటే నాకు ఫలానా ప్రమాణంలోవి కావాలి అని అడగడం. అయితే అడిగేది మొదటి ఇన్‌క్లూడ్ కంటే ముందే అడగాలి. మొదటి ఇన్‌క్లూడ్ వచ్చీ రాగానే లైబ్రరీ లెక్క తేల్చుకుని తలుపు వేసేస్తుంది. హైవే పక్క హోటల్లో ప్లేటు మీల్సా, ఫుల్ మీల్సా అన్నది టోకెన్ దగ్గరే చెప్పాలి. కూర్చుని సగం తిన్నాక ఫుల్ మీల్స్ అంటే సర్వరు వినడు. హోటల్లో కుదరదనైనా చెబుతాడు, ఇక్కడ ఆ మాట కూడా చెప్పరు. లైను కింద ఉన్నా తప్పని ఎవరూ అనరు, ఊరికే పట్టించుకోరు.

పట్టించుకోకపోతే ఏమవుతుంది? తేదీ చదివే ఆ ఫంక్షన్ దాచినవాటిలో ఉండిపోతుంది. అదెవరో తెలియక కంపైలర్, అది తిరిగిచ్చేది మామూలు అంకె అనుకుంటుంది. నిజానికి అదిచ్చేది ఒక చిరునామా, అంకెకంటే పొడవైనది. సగం చిరునామా తెగిపోతుంది. ప్రోగ్రాం ఆ సగం చిరునామా పట్టుకుని ఎవరింటికో వెళ్ళి చచ్చిపోతుంది. ఆ సంగతి చెప్పడానికే కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది. నేను రానీ అంటున్నాను.

అంటే నా రెండు సిద్ధాంతాలూ కలిసి ఒకే ప్రోగ్రాంని చంపాయి. ఆ పేజీ రెండోసారి కూడా చదివాను. సిగ్గేసింది. గోడ గడియారంలో రెండూ ఇరవై అయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఐదింటికి పరీక్షకుడు సబ్మిట్ నొక్కుతాడు.

ఫోన్ చేశాను. ఎత్తాడు.

"సార్, ఆ ఏడో నంబరు అమ్మాయిది కొంచెం ఆపండి. మెషీన్ ప్రాబ్లమండి," అన్నాను. నోటికి వచ్చిన మొదటి మాట అదే.

"మాస్టారూ, ఏ కాలేజీకెళ్ళినా నేను ఇంటికొచ్చాక ఇలాగే ఫోన్ వస్తదండి. ఎప్పుడూ మెషీన్ ప్రాబ్లమే. ఫోన్లో చెబితే నేను మార్చనండి, ఏమనుకోకండి," అని పెట్టేశాడు.

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి, ఇంకాస్త గట్టిగా. ల్యాబ్ మాన్యువల్ సంచిలో వేసుకుని స్కూటరెక్కాను. ఏప్రిల్ ఎండలో హైవే మీద స్కూటరు నడపడం గురించి ప్రత్యేకంగా చెప్పేదేం లేదు, హెల్మెట్‌లో తల ఉడుకుతుంది. దారి పొడుగునా ఆయనకు చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకున్నాను. చిల్లకల్లు టోల్‌గేటు దాకా అది 'మెషీన్‌లో చిన్న లోపం' గానే ఉంది. తర్వాత కాసేపు 'మాన్యువల్లో కొంత అస్పష్టత' అయింది. మిరపకాయ టిక్కీ బస్తాల లారీ ఒకటి కొట్టిన హారన్‌కి అదీ పోయింది. ఆరో మెషీన్‌లో కింద పెట్టినా నడిచిందిగా, ఆ ఒక్క ముక్క చూపిస్తే చాలు, నా మాట నిలబడుతుంది, పిల్లా పాసవుతుంది అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు ఇబ్బందిగా ఉంది, అయినా అనుకున్నాను. అలాగైతే వచ్చే ఏడు ఇంకో పిల్ల ఇంకో మెషీన్ ముందు కూర్చుంటుంది, నేను వెనక నిలబడి దించు అంటాను. నందిగామ చేరేసరికి నా దగ్గర మిగిలింది ఒకటే వాక్యం, అది చాలా పొట్టిగా ఉంది.

ఆయన ఇంటి ముందు బనీనూ లుంగీతో ఎయిర్ కూలర్‌లో నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, విసుక్కోనూ లేదు. ఇంకో బకెట్ నా చేతికిచ్చాడు. కుళాయి దగ్గర పట్టుకొచ్చి పోశాను. రెండో బకెట్ పోస్తూ చెప్పాను.

"తప్పు నాదండి. పిల్ల కరెక్టుగా రాసింది. నేను మార్పించా."

ఆయన చేతులు తుడుచుకుని మాన్యువల్ అడిగాడు. తొమ్మిదో ప్రయోగం తీసి చూపించాను. అచ్చు లైను, దాని మీద ఎర్ర గీత, బాణం, ప్రింటింగ్ మిస్టేక్, సంతకం, తేదీ. ఆయన తాపీగా చదివాడు.

"ఈ ఎర్ర ఇంకు ఎవరిదండి?"

"నాదే."

"సంతకం కూడా పెట్టారే."

"అలవాటండి."

ఇంట్లోంచి ల్యాప్‌టాప్ తెచ్చాడు. సహాయం పేజీలో ఆ వాక్యం ఎక్కడుందో చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడుచుకున్నాడు. "నేనూ పక్కనే ఉన్నాగా మాస్టారూ. నాకూ తెలీలేదు. పదిహేడు వేసింది నేనే."

"మీరు మార్కులు సరిచేస్తే చాలండి. నేను ఏం రాసివ్వమంటే అది రాసిస్తా. కావాలంటే మెషీన్ మీద—"

"మెషీన్ పాడైందని రాశారనుకోండి, ఒక్క పిల్లకే ఎందుకు పాడైందని అడుగుతారు, ప్రిన్సిపాల్ లెటర్ అడుగుతారు, మళ్ళీ పరీక్ష అంటారు. అదయ్యేసరికి జూన్ పోద్ది. మీ పొరపాటని రాయండి. మాస్టారు తప్పు చేశాడంటే ఎవరూ ఏమీ అడగరు. వెంటనే నమ్ముతారు."

ఆయన వేళాకోళం చేశాడో నిజంగా అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు. తెల్లకాగితం ఇచ్చాడు. 'పరీక్ష సమయంలో విద్యార్థిని సరిగా రాసిన ప్రోగ్రాంను అంతర్గత పరీక్షకుడినైన నేను తప్పుగా మార్పించాను. ఆమె రాసిన రూపంలో ప్రోగ్రాం సరైన ఫలితం ఇచ్చింది' అని రాశాను. రెండు వాక్యాలు రాయడానికి పావుగంట పట్టింది. మధ్యలో ఒకసారి 'పొరపాటున' అని చేర్చి కొట్టేశాను. కింద సంతకం పెట్టాను, ఈసారి పూర్తి సంతకం. ఆయన పదిహేడు కొట్టేసి నలభై నాలుగు వేసి, నా కాగితం ఫొటో తీసి జతచేసి, నాలుగూ నలభైకి సబ్మిట్ నొక్కాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. కూలర్ ముందు కూర్చుని తాగాను. కూలర్‌కి వేసిన కొత్త గడ్డి వాసన వస్తోంది. మధ్యాహ్నం నుంచీ నేనేమీ తినలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

అక్కణ్ణించే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, పాసయ్యావమ్మా, నలభై నాలుగు వచ్చాయి అని చెప్పాను. "అలాగేనండి," అంది. "థాంక్సండి," అని కూడా అంది. ఎలా అని అడగలేదు. అడిగితే ఎలా చెప్పాలా అని మజ్జిగ తాగినంతసేపూ ఆలోచించాను, అది దండగైంది.

కానీ ఆరో మెషీన్ సంగతి తేలలేదు. పేజీలో రాసిందే నిజమైతే అక్కడా చచ్చిపోవాలి. మర్నాడు పొద్దున్నే ల్యాబు తాళం తీసి దాని ముందు కూర్చున్నాను. మెషీన్ తెరవగానే అది చదువుకునే సెట్టింగుల ఫైలు ఒకటి ఉంటుంది. దాంట్లో ఆఖర్న ఎవరో రెండు లైన్లు చేర్చారు. ఒకటి కంపైలర్‌కి ఆదేశం. ఎవరు ఏ ప్రోగ్రాం కంపైల్ చేసినా, ఆ డిఫైన్ లైను ముందే బయటినుంచి నువ్వే చేర్చుకో అని. అంటే ప్రోగ్రాం లోపల ఆ లైను ఎక్కడున్నా, అసలు లేకపోయినా ఇబ్బంది ఉండదు. వార్నింగ్ రాదు, ఫాల్ట్ రాదు. నేను ఎంత తప్పు చెప్పినా అది నడుస్తుంది.

రెండోది మనుషుల కోసం రాసిన కామెంటు. పిల్లలు ఫోన్లో కొట్టుకునే పద్ధతిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. 'ఈ లైను ఎవరూ తీయొద్దు. సార్‌కి చెప్పొద్దు. ఫీలవుతారు.'

సార్‌కి కోపం వస్తుందని రాసి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. మిగతా మెషీన్లు ఒక్కొక్కటే తెరిచాను. ఏడోది తప్ప పందొమ్మిదింట్లోనూ అవే రెండు లైన్లు ఉన్నాయి. మెషీన్లు సర్దుకోలేదు, ఎవరో కూర్చుని ఓపిగ్గా సర్దారు. ఆ వారం నేను "చూశారా?" అన్నప్పుడు ఇరవై తలలు ఎందుకు కిందికి వంగాయో తెలిసింది.

పదింటికి ఆ అమ్మాయి రికార్డు పుస్తకం తీసుకోవడానికి వచ్చింది. ఆఖరి మెషీన్ తెర మీద ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంది. చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనేనండి. సారీ అండి. అందరివీ పోతున్నాయని పెట్టా," అంది.

"మరి ఏడో దాంట్లో?"

"అది కొత్తది కదండి. నిన్న కూర్చున్నాక చూశా, దాంట్లో లేదు. పరీక్షలో సెట్టింగులు ముట్టుకోకూడదు కదండి. అందుకే ప్రోగ్రాంలో పైన రాశా."

"నేను దించమంటే ఎందుకు దించావు? దించితే పోద్దని నీకు తెలుసుగా."

ఆమె రికార్డు పుస్తకం అట్ట మీద వేలితో గీస్తూ నిలబడింది. "ఆ సార్ పక్కనే ఉన్నారండి. పరాయి కాలేజీ ఆయన ముందు మీరు చెప్పింది తప్పని ఎలా అంటానండి?"

"పది నిమిషాలు టైమిచ్చారు కదా. మేం అటు వెళ్ళాక పైకి పెట్టుకోవచ్చుగా."

"అప్పుడు నడిస్తే ఆయనకి తెలిసిపోద్ది కదండి, మీరు చెప్పిందే తప్పని."

"ఉద్యోగం పోయేది."

"పోయేదండి," అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. విద్యార్థి ముందు లేచి నిలబడటం నాకు అలవాటు లేదు. ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తప్పు నాదమ్మా," అన్నాను. నందిగామలో ఎంతో తేలిగ్గా వచ్చిన మాట ఇక్కడ నాకే సరిగా వినపడలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది.

ఆ పిల్ల కంగారుపడిపోయి రెండడుగులు ముందుకొచ్చింది. "కూర్చోండి సార్," అంది. "అయ్యో, కూర్చోండి."